అడిగి వేసిన అడుగు

2006 జనవరిలో మా అమరావతి వీధులు ఎర్ర వస్త్రాలతో నిండిపోయాయి. దలైలామా కాలచక్ర దీక్ష ఇస్తున్నారని ఎక్కడెక్కడి కొండల నుంచో జనం వచ్చారు. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు మొదట బోధించింది ఇక్కడి ప్రాచీన ధాన్యకటకంలోనేనని వాళ్ళ నమ్మకం. అప్పుడు నేను దగ్గర్లోని హైస్కూల్లో సోషల్ టీచర్ని. పిల్లల్ని వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్ళాను. మహాచైత్యం దిబ్బ పక్కన మంత్రచక్రం తిప్పుకుంటూ కూర్చున్న ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కొంగులాంటి గుడ్డలోంచి గుప్పెడు వేయించిన గింజలు తీసి నా అరచేతిలో పోసింది. ఆమె భాష నాకు రాదు. పక్కనున్న కుర్ర లామా హిందీలో చెప్పాడు: ఆమెది స్పితి లోయలోని టాబో. 1996లో, వాళ్ళ గుడికి వెయ్యేళ్ళు నిండినప్పుడు, ఇదే దీక్ష వాళ్ళ ఊళ్ళో జరిగింది. "ఇప్పుడు మీ ఊరొచ్చాం, మీరు మా ఊరెప్పుడొస్తారని అడుగుతోంది" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది. రిటైరయ్యాక 2018లో ఒకసారి వెళ్ళి, నా తప్పు వల్లే సగంలో దిగిపోయాను. 2019లో మళ్ళీ వెళ్ళి లాంగ్జా నుంచి కోమిక్, డెముల్, ల్హలుంగ్ ఊళ్ళ మీదుగా ధన్‌కర్ దాకా నడిచాను. ఇప్పుడు నా మనవలూ, పాత విద్యార్థులూ హిమాలయాలకు బయల్దేరే ముందు ఫోన్ చేస్తుంటారు. ఒక్కొక్కరికీ చెప్పే సంగతుల్ని ఒకచోట రాస్తున్నాను. మన భాషలో కాలితో వేసేదీ 'అడుగు', ఎదుటివాళ్ళను కనుక్కోమని చెప్పేదీ 'అడుగు'. ఆ రెండూ ఒకేసారి వెయ్యాలని నాకు స్పితిలో తెలిసింది.

1. ముందు మీ ఊపిరిని అడగండి

మొదటిసారి మనాలి మీదుగా వెళ్ళాం. రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్న మనాలిలో పొద్దున్నే బయల్దేరి, నాలుగున్నర వేల మీటర్ల కుంజుమ్ కనుమ దాటి, అదే రాత్రి కాజాలో పడుకున్నాం. మర్నాడే బండి మమ్మల్ని 4,400 మీటర్ల ఎత్తున్న లాంగ్జాకు ఎక్కించింది. సాయంత్రానికి నా తల పగిలిపోతోంది. అన్నం సయించలేదు. అర్ధరాత్రి వాంతులు. నా వల్ల తోటివాళ్ళ యాత్ర చెడుతుందని ఎవరికీ చెప్పలేదు. నేను చేసిన పెద్ద తప్పు అదే. తెల్లవారి మేం దిగిన ఇంటి కోడలు నా మొహం చూసి, నన్నేమీ అడక్కుండా నేరుగా వెళ్ళి డ్రైవర్ని లేపింది. మధ్యాహ్నానికి 3,280 మీటర్ల ఎత్తున్న టాబోలో ఉన్నాం. రెండో రోజుకు తల తేలికపడింది.

నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు మన ఊళ్ళో అందేదానిలో పదింట ఆరు పాళ్ళ లోపే. కండబలం చూసి కొండ ఎవర్నీ వదిలిపెట్టదు. రోజూ జిమ్‌కు వెళ్ళే కుర్రాళ్ళు కూడా పడిపోతారు. మూడు వేల మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకున్న చోటికీ రేపు పడుకునే చోటికీ ఐదు వందల మీటర్లకు మించి తేడా ఉండకూడదన్నది డాక్టర్ల లెక్క. మూడు నాలుగు రోజులకొకసారి ఒకేచోట ఆగాలి. పగలు పైకెక్కినా రాత్రికి దిగి పడుకోవడం మేలు. తలనొప్పి ఉండగా ఇంకా పైకి వెళ్ళొద్దు. నడక తూలుతున్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా ఆ క్షణమే దిగండి, తెల్లవారనీ అనుకోవద్దు. మందుల సంగతి బయల్దేరక ముందే మీ డాక్టర్ని అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒంట్లో బాగాలేకపోతే పక్కవాళ్ళకు చెప్పండి.

రెండోసారి సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా వెళ్ళాను. కల్పాలో రెండు రాత్రులు, టాబోలో రెండు, కాజాలో మూడు, కీ గొంపా అనే బౌద్ధమఠంలో ఒకటి గడిపి అప్పుడు లాంగ్జా ఎక్కాను. ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాను.

2. చీకటి అలవాటయ్యేదాకా కూర్చోండి

టాబో గుళ్ళను బయటినుంచి చూస్తే పెద్ద మట్టి దిబ్బల్లా ఉంటాయి. గోపురం లేదు, శిఖరం లేదు. పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజ్యాన్ని ఏలిన యేషే ఓ 996లో వీటికి పునాది వేశాడు. కాశ్మీర్ వెళ్ళి చదువుకొచ్చి సంస్కృత గ్రంథాలను టిబెటన్‌లోకి తెచ్చిన రించెన్ జాంగ్పో పేరు ఈ లోయలో ప్రతి పాత గుడితోనూ ముడిపడి వినిపిస్తుంది. గోడలు పచ్చి ఇటుకలవి. 1975 భూకంపం వాటిని కుదిపినా నిలిచే ఉన్నాయి.

ఎండలోంచి ప్రధాన మందిరంలోకి అడుగుపెడితే నాకేమీ కనబడలేదు. నా ముందు వెళ్ళిన ఇద్దరు టార్చి వేసి, నాలుగు మూలలూ చూసి, ఐదు నిమిషాల్లో బయటికి నడిచారు. లామా నన్ను కూర్చోమని సైగ చేశాడు. కూర్చున్నాను. పైనున్న చిన్న సందులోంచి కాస్త వెలుతురు దిగుతోంది. కొంతసేపటికి గోడమీద ఒక చెయ్యి కనిపించింది. తర్వాత మోచెయ్యి, భుజం, దించిన కళ్ళు. చూస్తుండగా గోడ పొడుగునా మట్టితో చేసి రంగులద్దిన దేవతామూర్తులు ఒక్కొక్కటే చీకట్లోంచి ముందుకు వంగారు. పువ్వుకు కాడ ఆధారమైనట్టు గోడే వాళ్ళను మోస్తోంది. లోపల ఫొటోలు తీయనివ్వరు. తీయనిస్తే నేనూ ఫోను పట్టుకుని నిలబడేదాన్నేమో, ఆ చెయ్యి నాకు కనబడేది కాదు.

మూర్తుల కింద గోడమీద వరసగా బొమ్మలున్నాయి. ఒక కుర్రాడు చేతులు జోడించి ఒకరి ముందు నిలబడ్డాడు. పక్క బొమ్మలో అదే కుర్రాడు ఇంకొకరి ముందు. "నోర్‌సాంగ్" అన్నాడు లామా. మన సుధనుడు. గండవ్యూహ సూత్రంలోని కథ ఇది. బోధిసత్త్వుడు ఎలా బతకాలో తెలుసుకోవాలని సుధనుడు దేశమంతా నడుస్తాడు. యాభైమందికి పైగా గురువుల్ని కలుస్తాడు. వాళ్ళలో భిక్షువు ఉన్నాడు, నావికుడు ఉన్నాడు, సుగంధద్రవ్యాలమ్మే వర్తకుడు ఉన్నాడు, ఒక రాచబిడ్డ ఉంది. ప్రతి ఒక్కరూ తమకు తెలిసిన ఒక్క సంగతి చెప్పి, మిగతాది ఫలానావారిని అడగమని పంపిస్తారు. ఆ కుర్రాడి ఊరు దక్షిణాదిన ధాన్యాకరం. అది మన ధాన్యకటకమేనని కొందరు పండితుల అభిప్రాయం.

మా కృష్ణ ఒడ్డు నుంచి బయల్దేరిన పిల్లవాడు ఈ మంచుకొండల నడుమ మట్టిగోడ మీద వెయ్యేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళు పాఠం చెప్పినదాన్ని, అక్కడ గోడకానుకుని కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను.

3. రాతిగోడకు కుడిచెయ్యి ఇవ్వండి

దారిలో మంత్రాక్షరాలు చెక్కిన రాళ్ళు పేర్చిన గోడలు తగులుతాయి. వాటిని మణిగోడలంటారు. ఛోర్తెన్‌లూ ఎదురవుతాయి; ఛోర్తెన్ అంటే స్తూపం. ఇవి ఎప్పుడూ మీ కుడివైపున ఉండేలా నడవాలి. మన ప్రదక్షిణ లెక్కే. గోడకు కుడిపక్క దారి పొట్టిగా కనబడినా చుట్టూ తిరిగే వెళ్ళండి. ఆ రాళ్ళ మీద కూర్చోవద్దు, సంచి ఆనించవద్దు. ఒక్కో అక్షరాన్నీ ఎవరో పోయినవాళ్ళ పేరు తలుచుకుంటూ చెక్కించి ఉండొచ్చు. ఎదురైనవాళ్ళకు "జూలే" అనండి. నమస్కారానికీ, సెలవుకూ, కృతజ్ఞతకూ అదే మాట.

4. వాగును పొద్దున్నే దాటండి

అక్కడి వాగులు మంచు కరిగి వచ్చేవి. రాత్రి చలికి మంచు గడ్డకట్టి ఉంటుంది కాబట్టి పొద్దున మోకాలి లోతుండదు. మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి అదే వాగు నడుం దాకా లేచి రాళ్ళను దొర్లిస్తుంది. అందుకని తెల్లవారకుండానే బయల్దేరాలి, మధ్యాహ్నానికి ఊరు చేరాలి. ఆలస్యమైతే ఈ ఒడ్డునే ఆగిపోండి. మాకు దారి చూపిన కుర్రాడు లాంగ్జావాడు, ఇరవై రెండేళ్ళు. నీళ్ళలో కాలు పెట్టే ముందు ప్రతిసారీ ఒక రాయి విసిరి చప్పుడు వినేవాడు. లోతు ఆ చప్పుడులో తెలుస్తుందన్నాడు.

5. కథ నిజమా అని కాదు, దేన్ని కాస్తోందని అడగండి

లాంగ్జా వెనక 6,300 మీటర్లు దాటిన ఒక శిఖరం తెల్లగా, నున్నగా నిలబడి ఉంటుంది. పేరు చౌ చౌ కాంగ్ నిల్దా. సూర్యచంద్రుల వెలుగు పడే మంచుకొండ రాకుమారి అని అర్థం చెబుతారు. మేం బస చేసిన ఇంటి పెద్దావిడ దాని కథ చెప్పింది. ఆ ఊళ్ళో ఒక వాయిద్యగాడు ఉండేవాడట. మేకల్ని తోలుకుపోయి కొండవాలున కూర్చుని వాయిస్తుంటే కొండమీది దేవకన్య దిగివచ్చి వినేదట. తన సంగతి ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకుంది. ఒకరోజు అతను తాగిన మైకంలో పెళ్ళానికి చెప్పేశాడు. దేవకన్య మళ్ళీ కనబడలేదు. అతను ఆ కొండచుట్టూ వెతుకుతూ ముసలివాడయ్యాడు.

బడిలో ఇలాంటివి వచ్చినప్పుడు "ఇది కల్పన, ఇది చరిత్ర" అని బోర్డు మీద రెండు గడులు గీసేదాన్ని. అక్కడ కథ విని, మర్నాడు పొద్దున్నే ఊరి కాలువ వెంట నడిచాను. స్పితిలో వానలు చాలా తక్కువ. ఋతుపవన మేఘాలను దక్షిణాన ఉన్న పర్వతాలే ఆపేస్తాయి. యవలు, బఠాణీ పండాలంటే పైన మంచు కరిగి రావలసిందే. ఆ నీటిని కూల్ అనే సన్నటి కాలువల్లో మైళ్ళ దూరం తెచ్చుకుని, వంతులేసుకుని పంచుకుంటారు. ఆ కొండ అలిగితే ఊరు లేదు. "కొండ ఇచ్చింది గుట్టుగా తీసుకోవాలి, గొప్పలు చెప్పుకోకూడదు" అంది పెద్దావిడ. మా చిన్నప్పుడు చెరువుగట్టు మీద గంగానమ్మ ఉందని మమ్మల్ని రాత్రిళ్ళు చెరువులోకి దిగనిచ్చేవాళ్ళు కాదు. ఆ కట్ట, ఆ నీళ్ళు అలాగే నిలిచాయి. పెద్దలు కథను కాపలాగా పెట్టారని నాకు అరవై దాటాక అర్థమైంది.

ల్హలుంగ్‌లో సెర్ఖాంగ్ అనే గుడి ఉంది. బంగారు మందిరమని అర్థం. గుడి బయట ఒక పాత విల్లో చెట్టు. రించెన్ జాంగ్పో ఒక కొమ్మ పాతి, ఏడాది బతికితే ఇక్కడ గుడి కడతానన్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. చెట్లే అరుదైన ఆ ఎడారి కొండల్లో నీడకోసం ఒక్క చెట్టుంటే అది ఎంత అపురూపమో ఆలోచించండి. ఆ కథ తెలిసిన ఏ పిల్లవాడూ దాని కొమ్మ విరవడు. అదే రించెన్ జాంగ్పో 108 గుళ్ళు కట్టించాడని కూడా అంటారు. లెక్కలు వెయ్యకుండా విన్నాను.

6. వంటింట్లో చోటడగండి

డెముల్‌లో హోటళ్ళు లేవు. వచ్చినవాళ్ళను ఊరివాళ్ళు వంతుల ప్రకారం ఇళ్ళకు పంచుకుంటారు. మా వంతుకు వచ్చిన ఇంట్లో అతిథుల గది వేరే ఉంది. నేను వంటింట్లో కూర్చోవచ్చా అని అడిగాను. ఇంటావిడ చేతిలో పని ఆపి, పొయ్యి పక్కన తన దుప్పటి పరిచింది.

పొయ్యి గది నడుమ ఉంటుంది. ఇనుప పొయ్యి, పొగగొట్టం కప్పులోంచి బయటికి. పిడకలూ, కాసిని ఎండు పుల్లలూ వంటచెరుకు. మన పిడకల వాసనే, కొంచెం ఘాటు తక్కువ. ఆవిడ బాణలిలో ఇసుక పోసి ఎర్రగా కాలనిచ్చింది. గుప్పెడు యవలు వేసి చీపురుపుల్లల కట్టతో గబగబా తిప్పింది. గింజలు చిటపటమని పగిలి తెల్లగా విచ్చుకున్నాయి. జల్లెట్లో పోసి ఇసుక దులిపింది. ఈ పేలాలను విసిరితే త్సంపా. తొలి ఏకాదశికి మా అమ్మ జొన్నపేలాలు విసిరి బెల్లం కలిపే పేలపిండి ఇలాగే ఉండేది. ఉప్పూ వెన్నా వేసి చిలికిన టీలో ఆ పిండి కలిపి, ముద్దచేసి నా చేతిలో పెట్టింది. విసరకుండా మిగిలిన గింజలు నాలుగు విడిగా ఇచ్చింది. నోట్లో వేసుకోగానే ఆ రుచి గుర్తొచ్చింది. పన్నెండు పదమూడేళ్ళ కిందట అమరావతిలో నా అరచేతిలో పోసినవి ఇవే.

ఆ వంటింట్లో నీళ్ళ విలువా తెలిసింది. శీతాకాలంలో గొట్టాలు గడ్డకడతాయి, నీళ్ళు మోసుకురావాలి. మరుగుదొడ్డి నీళ్ళు లేనిది. కింద గదిలో పడినదానిమీద మట్టీ బూడిదా చల్లుతారు, ఏడాదికి అది పొలానికి ఎరువవుతుంది. దాంట్లో ప్లాస్టిక్ వేస్తే వాళ్ళ పొలంలో వేసినట్టే. వేడినీళ్ళ స్నానం అడిగే ముందు, ఆ నీళ్ళు ఎంత దూరం నుంచి వచ్చాయో, ఎన్ని పిడకలు కాలతాయో అడగండి. నేను అక్కడున్నన్ని రోజులూ తడిగుడ్డతో సరిపెట్టుకున్నాను.

7. మట్టి గుడిలో మీ బరువును తలుచుకోండి

ఐదు రోజుల నడక చివర ధన్‌కర్ కనబడుతుంది. స్పితి, పిన్ నదులు కలిసేచోట, 3,900 మీటర్ల దరిదాపుల్లో, వాన కోసి కోసి శూలాల్లా మిగిల్చిన మట్టిరాతి కొమ్ముల మీద పాత గొంపా నిలబడి ఉంది. ఒకప్పుడు స్పితికి ఇదే రాజధాని. 2006లో ప్రపంచంలో ప్రమాదపుటంచున ఉన్న 100 కట్టడాల జాబితాలో దీన్ని చేర్చారు. కింద కొండ కరుగుతోంది, గోడలు బీటలువారాయి. ఈ మట్టికప్పులు వాన తక్కువ పడే లోయ కోసం కట్టినవి. గట్టి వాన నాలుగు రోజులు పడితే తట్టుకోలేవు.

లోపల ఒకేసారి ఎక్కువమంది ఎక్కొద్దంటారు. నా వంతు కోసం బయట గంటసేపు కూర్చున్నాను. నా వెనకవాళ్ళలో ఒకరు విసుక్కున్నారు. లామా నొచ్చుకోకుండా, నేలకేసి చూపించి, అరచెయ్యి ఆడించాడు. నేల ఊగుతుందని. లోపలికి వెళ్ళినప్పుడు పాదం మోపడానికి కూడా మనసొప్పలేదు. మెట్లమీద మడమ ఆనించకుండా, మునివేళ్ళ మీద నడిచాను. కింద సంగమంలో రెండు నదులూ పాయలు పాయలుగా మెరుస్తున్నాయి.

8. కొండది కొండ దగ్గరే ఉంచండి

ఇది చివర రాస్తున్నాను, ఎందుకంటే దీన్ని నేర్చుకోవడానికి నాకు ఎక్కువ సమయం పట్టింది.

లాంగ్జా చుట్టూ నేలలో సముద్రం ఉంది. భారత భూఖండం ఉత్తరానికి జరిగి ఆసియాను ఢీకొనకముందు అక్కడ టెథిస్ సముద్రం ఉండేది. హిమాలయాలు లేచినప్పుడు దాని అడుగు కూడా పైకి లేచింది. అందుకే నాలుగు వేల మీటర్ల ఎత్తున నత్తచుట్టల్లాంటి అమ్మోనైట్ శిలాజాలు దొరుకుతాయి. ఈ పాఠం ఎన్ని క్లాసులకు చెప్పానో లెక్కలేదు. ఒక వాగు గట్టున నల్లటి గుండ్రాయి పగిలి, లోపల చుట్ట తేటగా కనబడింది. మా పూజలో మా అత్తగారి నుంచి వచ్చిన సాలగ్రామం ఉంది. నేపాల్‌లో గండకీ నదిలో దొరికే ఆ సాలగ్రామమూ ఇలాంటి అమ్మోనైటే. రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవాలనిపించింది. ఎవరూ చూడటం లేదు. సంచిలో వేసుకున్నాను.

నాలుగు రోజులు మోశాను. ల్హలుంగ్‌లో సంచి సర్దుకుంటుంటే దారి చూపే కుర్రాడు చూశాడు. కోపగించుకోలేదు. "ఆంటీజీ, ఆ రాయి మీ ఊళ్ళో ఏం చేస్తుంది?" అని అడిగాడు. నాకు జవాబు దొరకలేదు. తర్వాత దారిలో తనే చెప్పాడు. తన చిన్నప్పుడు ఇంటి గుమ్మం ముందే ఇవి దొరికేవట. వచ్చినవాళ్ళంతా తలా ఒకటి పట్టుకుపోయాక, ఇప్పుడు పిల్లలు వెతుక్కుంటూ చాలా పైకి ఎక్కాల్సి వస్తోందట. అతనికిచ్చి పెట్టెయ్యమన్నాను. "ఎక్కడ తీశారో మీకే కదా తెలుసు" అన్నాడు.

ధన్‌కర్ నుంచి కాజాకు వచ్చాక మిగతావాళ్ళు సంతకు వెళ్ళారు. నేను బండి మాట్లాడుకుని అతనితో మళ్ళీ లాంగ్జా ఎక్కాను. వాగు గట్టు వెతికి పట్టుకోవడానికి గంట పట్టింది. రాయి తీసిన గుంట ఇంకా అలాగే ఉంది. చుట్ట పైకి కనబడేలా పెట్టి, చుట్టూ మట్టి సర్ది, కాసేపు అక్కడే కూర్చున్నాను. రాకుమారి కొండ మీద ఎండ వాలుతోంది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున సాలగ్రామానికి నీళ్ళు పోస్తుంటే చెయ్యి ఆగింది. దీన్నీ ఒకరోజు ఎవరో ఒకరు ఏదో లోయలోంచి ఎత్తుకుని మా ఇంటిదాకా తెచ్చే ఉంటారు. తీసేముందు ఎవర్నయినా అడిగారో లేదో మా అత్తగారు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.